కాలింగ్ బెల్ గుర్తు

మణెమ్మక్క బకెట్ గుర్తు అడిగింది.
సర్కిలాఫీసుల సారు లిస్టు కింద మీద తిప్పి
"బకెట్ పోయింది, కాలింగ్ బెల్ ఉంది, తీస్కుంటవా?" అన్నడు.
మా గల్లీల ఒక్క తలుపుకు బెల్లు లేదు.
కొన్నిండ్లకు తలుపే లేదు,
పాత ఫ్లెక్సీ ఏలాడుతది.
దాని మీద పోయినసారి గెలిచినాయన
వానకు తడుసుకుంట
దండం పెడ్తనే ఉంటడు.

డిపాజిట్ పైసలు సంఘం ఆడోళ్లు పోగేసిన్రు.
చిల్లరంత టిఫిన్ డబ్బల పోసుకపోతే
క్లర్కు మూడుసార్లు లెక్క తప్పిండు.
నాలుగోసారి అక్కనే లెక్కపెట్టిచ్చింది.
ఇరవై ఏండ్ల సంది
నల్లా బిల్లుల్ల, పింఛన్ కాయితాల్ల
మంది లెక్కలు సరిజేసిన చెయ్యాయె.

ఆటో నాది. మైకు గౌస్ భాయ్‌ది.
గ్యాస్ కొట్టిచ్చినోడే మా పార్టీ,
ఎవరి పాటిస్తే వాళ్ల పాట పెడ్తం.
అక్క దగ్గర పాట లేదు.
"మరేం చెప్పాలె?" అన్న.
"రేపు నల్లా నాలుగింటికొస్తదని చెప్పు.
టైముంటే ఎన్క నా పేరు చెప్పు."
అట్లనే చెప్పిన.
నల్లా మాట ఇన్నరు, బిందెలు కడుక్కున్నరు,
పేరు ఇన్నరో లేదో.

ఒక్క ఖాజాబీ మాత్రం
ఆటో కాడికొచ్చి పాంప్లెటు పట్టుకొని
బెల్లు బొమ్మను ఏలుతోని తడుమి
"ఆ రాత్రి కొట్టిన బెల్లేనా ఇది?" అన్నది.

నాలా పొంగిన రాత్రి.
కరెంటు లేదు, మోకాలిమంటి నీళ్లు,
మూసీ ఏదో గల్లీ ఏదో తెలుస్తలేదు.
మణెమ్మక్క స్టీలు తాంబాళం, గరిటె పట్టుకొని
ఇంటింటి ముంగట గణగణ కొట్టుకుంట వచ్చింది.
"లెవ్వున్రి, సామానిడిసిపెట్టున్రి, లెవ్వున్రి!"
మా అమ్మను నులకమంచంతోనే
నలుగురం పట్టి మిద్దెక్కిచ్చినం.
తెల్లారి చూస్తే తాంబాళానికి సొట్టలు.
ఇప్పటికీ అక్క దాంట్లనే బియ్యం ఏరుతది.

ఓట్లకు ముందటి రాత్రి
తెల్లంగీలోళ్లు వచ్చిన్రు.
రెండువేలు, ఒక కవర్ల బిర్యానీ.
తీసుకున్న.
బిడ్డ ఫీజు కట్టాలె, అబద్ధమెందుకు,
బిర్యానీ గూడ మంచిగనే ఉండె.

పొద్దున ఇస్కూల్ల
నల్లబల్ల మీద ఎక్కాలు అట్లనే ఉన్నయి.
అట్టపెట్టె ఎన్క స్టాంపు చేతుల పట్టుకొని
ఎంతసేపు నిలబడ్డనో ఎరుక లేదు,
బయటికెల్లి పోలింగామె రెండుసార్లు దగ్గింది.

వార్డు మొత్తం కలిపి ఆరొందల పదకొండు.
మా ఇస్కూలు డబ్బల తొంభైయేడు.
డిపాజిట్ పాయె,
టిఫిన్ డబ్బ ఒక్కటి వాపసొచ్చింది.

ఆ పొద్దుమీకి గల్లీ గల్లీ అక్క ఇంటి ముంగట్నే.
"నీకే ఏసిన అక్కా" అని ఒకలు,
"మా ఇంటి నాలుగు నీయే" అని ఒకలు.
గౌస్ భాయ్ గోడకానుకొని, సప్పుడు జెయ్యకుంట లెక్కపెట్టిండు.
"రెండొందల నలభై అయినయ్‌రా" అన్నడు నా చెవుల.
అక్క ఇనింది.
బియ్యంల రాయొకటి తీసి పారేసి
కడుపుల్నుంచి నవ్వింది.
"ఉండనియ్ గౌసూ.
ఎయ్యనోళ్లకు గూడ ఏసినమని చెప్పబుద్ధయింది.
గదేం తక్కువ?"
మల్ల నా దిక్కు చూసింది.
"నువ్వేం చెప్పకపోతివి?"

నేల సూసిన.
చెప్పుకంటిన నాలా బురద
గొడ్డుగ ఎండి ఉన్నది.

"సరేగాని, రేపు మైకు కట్టుకరా.
నాలుగింటికి కాదంట,
మూడింటికే ఇడుస్తరంట నల్లా."

తెల్లారక ముందే తిరిగిన.
"నీళ్లొస్తున్నయి, నీళ్లొస్తున్నయి" అని
గల్లీ చివర్దాంక చెప్పుకుంట పోయి
అలవాటుల నోరాగక
ఎన్క ఆమె పేరు గూడ చెప్పేసిన.
ఎలక్షన్ అయిపోయిందని యాదికొచ్చి
మైకు బందు పెట్టేలోపే
ఫ్లెక్సీ ఎనుక ఎవరిదో దీపం ఎలిగింది,
బిందె ఒకటి కదిలింది.